ఆన్‌లైన్ గేమ్ కోసం ఇంటి నెట్‌వర్క్: రూటర్ కొనే ముందు చేయాల్సినవి, కొన్నాక చేయాల్సినవి

మీ ప్లాన్ 300 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్ట్ పెడితే 300కి కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది. అయినా ఆట మంచి రసపట్టులో ఉన్నప్పుడే తెర ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. తేరుకునేసరికి మీ పాత్ర చచ్చి పడి ఉంటుంది.

ఈ బాధ నేను చాలాకాలం పడ్డాను. ముందు ప్లాన్ పెంచాను, తేడా రాలేదు. తర్వాత ఎనిమిది యాంటెన్నాల రూటర్ కొన్నాను. రెండు రోజులు బాగానే ఉందనిపించింది, మూడో రోజు రాత్రి మళ్లీ మొదలు. అసలు కారణం దొరకడానికి చాలా నెలలు పట్టింది. రాత్రి ఇంట్లో ఒక ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టగానే అది ఆ రోజు తీసిన ఫోటోలు, వీడియోలు అన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టేది. అప్‌లోడ్ దారంతా వాటితో నిండిపోయేది. నా గేమ్ పంపే చిన్న చిన్న ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఆ క్యూలో చిట్టచివర నిలబడేవి. పాత రూటర్‌లోనే ఒక సెట్టింగ్ మార్చి ఉంటే ఆ ఖర్చంతా తప్పేది.

అందుకే ఇక్కడ రూటర్ ఎంపిక మొదట రాదు, నాలుగో మెట్టు దగ్గర వస్తుంది. ముందు కొలవండి, తర్వాత వైరు వేయండి, తర్వాత క్యూ సరిచేయండి. ఈ మూడూ అయ్యాక కూడా కొత్త రూటర్ కావాలనిపిస్తే అప్పుడు డబ్బు తీయండి.

1. ముందు కొలవండి

ఆన్‌లైన్ గేమ్ ఆడటానికి పెద్ద స్పీడ్ అక్కర్లేదు. ఆట నడుస్తున్నంతసేపు మీ మెషీన్‌కీ సర్వర్‌కీ మధ్య తిరిగేవి చిన్న కబుర్లే: మీరు ఎటు కదిలారు, ఎప్పుడు బటన్ నొక్కారు, మిగతావాళ్లు ఎక్కడున్నారు. చాలా గేమ్‌లకు ఇది 1 ఎంబీపీఎస్ లోపే సరిపోతుంది. డౌన్‌లోడ్ సంగతి వేరు. 100 జీబీ గేమ్ దించడానికి 100 ఎంబీపీఎస్ లైన్ మీద రెండుంపావు గంటలు పడుతుంది, అక్కడ స్పీడ్ పనికొస్తుంది. ఆటలో పనికొచ్చేది మాత్రం టైమ్‌కి చేరడం.

ఎంత టైమ్‌కి అంటే, వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ సర్వర్లు సెకనుకు 128 సార్లు ఆట స్థితిని లెక్కగడతాయి. దాదాపు 8 మిల్లీసెకన్లకు ఒకసారి అన్నమాట. మీ ప్యాకెట్ ఒకటి 100 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, ఈలోపు సర్వర్ పన్నెండు సార్లు లెక్క ముగించేసి ముందుకు వెళ్లిపోతుంది.

మీరు చూడాల్సిన అంకెలు మూడు. పింగ్ అంటే ఒక ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలం. జిట్టర్ అంటే ఆ కాలం ఒకసారికీ ఇంకోసారికీ ఎంత మారుతోంది అన్నది. ప్యాకెట్ లాస్ అంటే దారిలోనే పోయినవి. చాలామంది మొదటిదాన్నే పట్టించుకుంటారు. నా అనుభవంలో ఆటను పాడుచేసేవి మిగతా రెండే. పింగ్ ఎప్పుడూ 60 దగ్గర కదలకుండా ఉంటే చేయి దానికి అలవాటుపడిపోతుంది, గేమ్ కూడా దాన్ని సర్దుకుంటుంది. అదే 20కీ 120కీ మధ్య ఊగుతుంటే ఎంత సాధన చేసినా గురి కుదరదు.

పింగ్‌లో కొంత భాగం ఎవరూ తగ్గించలేరు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వర్ 1000 కిలోమీటర్ల దూరంలో ఉంటే, దారి తిన్నగా ఉన్నా పోను రాను కలిపి 10 మిల్లీసెకన్లు పట్టాల్సిందే. నిజంలో కేబుళ్లు తిన్నగా ఉండవు, మధ్యలో బోలెడు పరికరాలు తగులుతాయి, కాబట్టి ఇంకా ఎక్కువే అవుతుంది. అందుకే అన్నిటికంటే ముందు గేమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సర్వర్ రీజియన్ మీకు దగ్గరదే ఉందో లేదో చూడండి. వేరే ఖండం సర్వర్ ఎంచుకుని రూటర్‌ని తిట్టుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇప్పుడు కొలత. విండోస్ కంప్యూటర్‌లో ఇలా చేయండి.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కమాండ్ ఇవ్వండి. డీఫాల్ట్ గేట్‌వే అని కనిపించేదే మీ రూటర్ అడ్రస్. చాలా ఇళ్లలో అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అయి ఉంటుంది.

ఒక విండోలో పింగ్ (ping) అని కొట్టి, ఆ అడ్రస్ ఇచ్చి, చివర మైనస్ టీ (-t) తగిలించండి. మీరు ఆపేదాకా అది నడుస్తూనే ఉంటుంది.

రెండో విండోలో బయటి అడ్రస్ ఒకటి, ఉదాహరణకు 8.8.8.8, ఇచ్చి అలాగే నడపండి.

రెండూ పక్కపక్కన పెట్టుకుని పది నిమిషాలు చూడండి. మధ్యాహ్నం ఒకసారి, మీకు ఎప్పుడూ ఇబ్బంది వచ్చే వేళలో మరోసారి. అంకెలు రాసిపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తాయి.

రూటర్‌కి వెళ్లే పింగ్ వైరు మీద 1 మిల్లీసెకను లోపు ఉండాలి. వైఫై మీద రెండు నుంచి ఐదు దాకా ఉంటే బాగున్నట్టే. అదే మధ్యమధ్యలో 50కీ 150కీ ఎగురుతుంటే తప్పు మీ గదికీ రూటర్‌కీ మధ్యే ఉంది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. రూటర్ పింగ్ నిలకడగా ఉండి బయటిది మాత్రమే ఎగురుతుంటే లైన్ నిండిపోతోంది, లేదా లైన్‌లోనే లోపం ఉంది. రెండూ నిలకడగా ఉండి గేమ్‌లో మాత్రమే పింగ్ ఎక్కువగా ఉంటే అది సర్వర్ దూరమో, మధ్య దారి సమస్యో. ఏ రూటర్ కొన్నా అది తగ్గదు.

ఇంకో కొలత తప్పకుండా చేయండి. పింగ్ నడుస్తుండగానే స్పీడ్ టెస్ట్ పెట్టండి. డౌన్‌లోడ్ జరిగేటప్పుడు పింగ్ ఎంత పెరిగింది, అప్‌లోడ్ జరిగేటప్పుడు ఎంత పెరిగింది, విడివిడిగా రాసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు 15 ఉన్నది అప్‌లోడ్ మొదలవగానే 200 దాటిందంటే మూడో మెట్టు మీ కోసమే.

2. వైరు వేయండి

వీలుంటే గేమింగ్ మెషీన్‌ని ల్యాన్ కేబుల్‌తో కలపండి. ఇందులో నేను రెండో మాటకి చోటివ్వను. ఎంత ఖరీదైన వైఫై అయినా ఒక మామూలు కేబుల్ ముందు నిలవదు.

ఎందుకంటే వైఫైలో గాలి అందరిదీ. ఒక ఛానెల్ మీద ఒకేసారి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. మీ ఇంట్లో ఫోన్లు, టీవీ, పక్కింటి రూటర్ అన్నీ ఆ వరుసలో ఉన్నవే. మూల గదిలో సిగ్నల్ సరిగా అందని ఫోన్ ఒక్కటి ఉంటే చాలు, అది నత్తనడకన పంపుతున్నంతసేపూ మీకు వంతు రాదు. ప్యాకెట్ దెబ్బతింటే మళ్లీ పంపాలి. అదంతా జిట్టర్‌గా బయటపడుతుంది. కేబుల్‌లో పోను రాను రెండూ ఒకేసారి నడుస్తాయి, మధ్యలో ఎవరూ అడ్డురారు.

క్యాట్5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ మోస్తుంది. ఇంటికి అది చాలు. కొత్తగా గోడల్లో వేయిస్తుంటే క్యాట్6 వేయించండి, మళ్లీ మళ్లీ గోడ పగలగొట్టే పని ఉండదు. కొనేటప్పుడు లోపల తీగ పూర్తి రాగిదేనా అని చూడండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి కూడా అమ్ముతారు. అవి వంచితే త్వరగా విరుగుతాయి, దూరం పెరిగేకొద్దీ ఇబ్బంది పెడతాయి. బల్లపరుపుగా ఉండే సన్నని కేబుల్ తలుపు సందులోంచి దూర్చడానికి బాగుంటుంది, కానీ పొడవు తక్కువైతేనే వాడండి.

కేబుల్ పెట్టాక లింక్ స్పీడ్ చూడటం మరచిపోవద్దు. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అది కనిపిస్తుంది. 1000 ఉండాల్సిన చోట 100 అని ఉంటే, కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో ఏదో ఒక జత తెగిందని, లేదా క్లిప్పు సరిగా కూర్చోలేదని అర్థం. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. అందుకే దెబ్బతిన్న కేబుల్ కూడా పనిచేస్తున్నట్టే నటిస్తుంది.

రూటర్ హాల్లో, మీరు లోపలి గదిలో ఉండి వైరు లాగడం కుదరకపోతే ఏం చేయాలి? టీవీ కోసం వేసిన కోయాక్సియల్ కేబుల్ గోడల్లో ఖాళీగా ఉంటే మోకా అడాప్టర్లు దాని మీద ఈథర్నెట్ నడుపుతాయి, బాగా పనిచేస్తాయి. కరెంటు వైర్ల మీద నడిచే పవర్‌లైన్ అడాప్టర్ల మీద నాకు అంత నమ్మకం లేదు. కొన్ని ఇళ్లలో చక్కగా నడుస్తాయి, కొన్నింట్లో మోటరు వేయగానే పింగ్ ఎగురుతుంది. వాపసు ఇచ్చే వీలుంటేనే తెచ్చి చూడండి.

కన్సోల్ వాడేవాళ్లకు ఒక మాట. మొదటి పీఎస్4 మోడల్‌కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఉంది, దానికి వైరు వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. నింటెండో స్విచ్ తొలి మోడల్ డాక్‌కి ల్యాన్ పోర్టు లేదు, యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. ఓఎల్ఈడీ మోడల్ డాక్‌కి పోర్టు ఇచ్చారు.

3. క్యూ సరిచేయండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్క మెట్టే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

గరాటులోకి బిందెతో నీళ్లు గుమ్మరించారనుకోండి. కింద గొట్టం సన్నం కాబట్టి నీళ్లు గరాటులో నిలుస్తాయి. ఇప్పుడు పైనుంచి ఒక రంగు చుక్క వేస్తే, ఆ నీళ్లన్నీ దిగేదాకా అది కిందికి రాదు. మీ రూటర్‌లోగానీ మోడెమ్‌లోగానీ ఉండే బఫర్, అంటే ప్యాకెట్లు వంతు కోసం ఆగే మెమరీ, ఆ గరాటు. ఫోటోల బ్యాకప్ బిందెడు నీళ్లు. మీ గేమ్ ప్యాకెట్ ఆ రంగు చుక్క.

లెక్క వేసి చూడండి. మీ అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. బఫర్‌లో 1 ఎంబీ నిలిచి ఉంది, అంటే 8 మెగాబిట్లు. అది ఖాళీ కావడానికి 0.8 సెకన్లు పడుతుంది. మీ ప్యాకెట్ 800 మిల్లీసెకన్లు ఆలస్యం. లైన్ తెగలేదు, స్పీడ్ తగ్గలేదు, స్పీడ్ టెస్ట్‌లో కూడా అంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఆట మాత్రం నాశనం.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. ఆ పేరును వాడుకలోకి తెచ్చినవాడు జిమ్ గెటీస్ అనే ప్రోగ్రామర్. మెమరీ చవకయ్యేసరికి తయారీదారులు పరికరాల్లో పెద్ద పెద్ద బఫర్లు పెట్టారు, ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని. కానీ డేటా పంపేవాడికి నెమ్మదించమని తెలిసేదే ప్యాకెట్లు పోవడం వల్ల. అవి పోకుండా క్యూలో నిలుస్తుంటే వాడు పంపుతూనే ఉంటాడు, క్యూ పెరుగుతూనే ఉంటుంది. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే పద్ధతి ప్రకటించారు. క్యూ ఎంత పొడవుందని కాకుండా, ప్యాకెట్ ఎంతసేపు ఆగిందని చూసి అవసరమైతే వదిలేయడం దాని కిటుకు. దానికి ఒక్కొక్క కనెక్షన్‌కీ విడి క్యూ ఇచ్చే ఏర్పాటు జోడిస్తే ఎఫ్‌క్యూ కోడెల్ అయింది. తర్వాత వచ్చిన కేక్ ఇదే దారిలో ఇంకో అడుగు. సెట్టింగ్స్‌లో ఈ పేర్లు కనిపిస్తే సంతోషించండి. ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) అని ఉన్నా ఇదే.

పెట్టే పద్ధతి ఇది.

ఇంట్లో ఎవరూ నెట్ వాడని వేళలో, వైరు మీద, మూడు నాలుగుసార్లు స్పీడ్ టెస్ట్ చేయండి. వచ్చినవాటిలో తక్కువ అంకె తీసుకోండి.

ఎస్‌క్యూఎం ఆన్ చేసి, డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండింటికీ ఆ అంకెలో 90 శాతం రాయండి. డౌన్‌లోడ్ 100 వస్తే 90, అప్‌లోడ్ 20 వస్తే 18.

క్యూ పద్ధతి అడిగితే కేక్ ఎంచుకోండి, లేకపోతే ఎఫ్‌క్యూ కోడెల్.

మళ్లీ పింగ్ నడుపుతూ స్పీడ్ టెస్ట్ పెట్టండి. పింగ్ పెరుగుదల 10, 20 లోపు ఉంటే అయిపోయింది. ఇంకా ఎగురుతుంటే అంకెను 85 శాతానికి దించండి. నిలకడగా ఉంటే కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి ఎక్కడ చెడుతుందో చూసి ఒక మెట్టు దిగండి.

కట్టిన డబ్బులో పది శాతం వదులుకోవడం ఏమిటని మొదట నాకూ మనసొప్పలేదు. కానీ ఆ పది శాతం వదిలితేనే గరాటు మీ చేతికొస్తుంది. మీ రూటర్ లైన్ కంటే కాస్త నెమ్మదిగా పంపితే, క్యూ అవతలి మోడెమ్‌లో కాకుండా మీ రూటర్‌లోనే నిలుస్తుంది. అక్కడైతే ఎవరిని ముందు పంపాలో మీరు చెప్పగలరు. గేమ్ ప్రయారిటీ, గేమింగ్ మోడ్ లాంటివి ఆన్ చేసినా ఫలితం కనబడని వాళ్లకు జవాబు ఇదే. లైన్ స్పీడ్ ఎంతో రూటర్‌కి చెప్పకుండా ప్రయారిటీ ఇస్తే, మీ ప్యాకెట్ ఇంటి గుమ్మం దాకా ముందుగా వెళ్లి, వీధిలో మళ్లీ క్యూలో నిలబడుతుంది.

మీ రూటర్‌లో ఎస్‌క్యూఎం లేకపోతే క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్‌ని ముందు పంపాలో చెప్పే సెట్టింగ్) పేరుతో బ్యాండ్‌విడ్త్ పరిమితి పెట్టే వీలుందేమో చూడండి. అప్‌లోడ్‌కి పరిమితి పెట్టినా సగం బాధ పోతుంది. అదీ లేకపోతే మూలానికే వెళ్లండి: ఫోటోల బ్యాకప్ తెల్లవారుజామున జరిగేలా మార్చండి, స్టీమ్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ల వేళ మార్చండి, విండోస్ డెలివరీ ఆప్టిమైజేషన్‌లో ఇతర కంప్యూటర్లకు పంపడం ఆపండి. మీ రూటర్ మోడల్‌కి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉంటే దాన్ని వేసుకోవచ్చు, అందులో ఎస్‌క్యూఎం ప్యాకేజీ దొరుకుతుంది. మోడల్ నంబరు, వెనక స్టిక్కర్ మీద ఉన్న వెర్షన్ నంబరు రెండూ జాబితాతో సరిపోతేనే మొదలుపెట్టండి. ఒకే పేరుతో లోపల వేరే చిప్ ఉన్న రూటర్లు ఉంటాయి. తప్పు ఫైల్ ఎక్కిస్తే రూటర్ మళ్లీ లేవకపోవచ్చు.

4. రూటర్ ఎంచుకోవడం

ఇప్పుడు మీకేం కావాలో తెలిసింది కాబట్టి ఈ పని తేలిక.

నేను చూసే వరుస ఇది: ఎస్‌క్యూఎం ఉందా, దాన్ని మోయగల ప్రాసెసర్ ఉందా, పోర్టులన్నీ గిగాబిట్‌వేనా, అప్‌డేట్లు వస్తున్నాయా. ఆ తర్వాతే వైఫై వెర్షన్. యాంటెన్నాల సంఖ్య, రంగుల లైట్లు అసలు లెక్కలోకి రావు.

ప్రాసెసర్ ఎందుకంటే, మామూలుగా రూటర్లు ప్యాకెట్లను ఒక ప్రత్యేక హార్డ్‌వేర్ దారిలో దాటిస్తాయి. ఎస్‌క్యూఎం పెడితే చాలా రూటర్లలో ఆ అడ్డదారి పనిచేయదు, ప్రతి ప్యాకెట్‌నీ ప్రాసెసర్ స్వయంగా చూడాలి. బలహీనమైన రూటర్ 500 ఎంబీపీఎస్ లైన్‌ని కూడా 150కి దించేయవచ్చు. మీ లైన్ బాగా వేగమైనది, రూటర్ అంత బలమైనది కాదు అనుకుంటే అప్‌లోడ్‌కి మాత్రమే ఎస్‌క్యూఎం పెట్టి చూడండి. తరచుగా ఇరుకయ్యేది అటువైపే.

పోర్టుల సంగతి మరీ ముఖ్యం. వైఫై 5 రూటర్లలో 100 ఎంబీపీఎస్ పోర్టులున్నవి చాలా తిరుగుతున్నాయి. పెట్టె మీద 1200 అని పెద్దగా రాసి ఉంటుంది, వెనక పోర్టు మాత్రం 100 దాటనివ్వదు. లైన్ ఎంత ఇచ్చినా మీకొచ్చేది 95 లోపే. స్పెసిఫికేషన్‌లో వ్యాన్ (ఇంటర్నెట్ లైన్ వైపు), ల్యాన్ (ఇంటి వైపు) పోర్టుల పక్కన ఏముందో చదివి కొనండి.

పెట్టె మీది అంకెల గురించి కూడా తెలుసుకోండి. ఏఎక్స్3000 అంటే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 2402, రెండూ కూడి గుండ్రంగా చేసిన అంకె. మీ ల్యాప్‌టాప్ ఒక సమయంలో ఒక బ్యాండ్ మీదే ఉంటుంది. పైగా 2402 రావాలంటే 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్ కావాలి. 80 మెగాహెర్ట్జ్ మీద అది 1201. అందులోనూ అసలు డేటాకి మిగిలేది సుమారు సగం నుంచి మూడింట రెండు వంతులు. ఏఎక్స్5400 లాంటి పెద్ద అంకెలు నాలుగు స్ట్రీమ్‌లు (ఒకేసారి పక్కపక్కన సాగే రేడియో ప్రసారాలు) లెక్కేసినవి, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లకు సాధారణంగా రెండే ఉంటాయి.

వైఫై 6 చాలు. అందులో ఓఎఫ్‌డీఎంఏ వల్ల ఒకే విడతలో చాలా పరికరాలకు చిన్న చిన్న ప్యాకెట్లు పంచవచ్చు, ఎక్కువ ఫోన్లున్న ఇంట్లో అది మేలు. వైఫై 6ఈ రూటర్లు, వైఫై 7 రూటర్లలో చాలావరకు 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కూడా పనిచేస్తాయి. అక్కడ రద్దీ తక్కువ, కానీ గోడలు దాటడం కష్టం, ఎంత భాగం వాడొచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది. మీ మెషీన్‌లోని వైఫై కార్డ్‌కి ఆ బ్యాండ్ లేకపోతే రూటర్‌లో ఉండి ఉపయోగం లేదు. మీరు వైరు మీద ఆడుతుంటే ఇదంతా ఇంట్లో మిగతావాళ్ల సౌకర్యం కోసమే.

పెద్ద ఇల్లయితే మెష్, అంటే ఇంట్లో అక్కడక్కడా యూనిట్లు పెట్టి ఒకే వైఫైగా కలపడం గురించి ఆలోచిస్తారు. మెష్ యూనిట్ల మధ్య వైరు వేయగలిగితే చాలా మంచిది. వైరు లేకుండా అయితే ప్రతి ప్యాకెట్ గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి, జిట్టర్ కూడా ఆ మేరకు పెరుగుతుంది. చవక ఎక్స్‌టెండర్లు గేమ్‌కి పెట్టకండి. తప్పనిసరైతే మెష్ యూనిట్‌ని గేమింగ్ గదిలోనే పెట్టి, దాని నుంచి మెషీన్‌కి కేబుల్ ఇవ్వండి.

5. వైఫై మీదే ఆడాల్సి వస్తే

రూటర్‌ని ఇంటి మధ్యలో, ఛాతీ ఎత్తుకి పైన, తెరిచి ఉన్న చోట పెట్టండి. టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన, అలమరలో పెడితే సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది. నీళ్లు కూడా సిగ్నల్‌ని మింగేస్తాయి, చేపల తొట్టె పక్కన వద్దు.

గేమింగ్ మెషీన్‌ని 5 గిగాహెర్ట్జ్ మీదే ఉంచండి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే అది తనకు తోచినప్పుడు 2.4కి దిగిపోతుంది. పేర్లు విడగొట్టి, గేమ్ మెషీన్‌కి 5ది మాత్రమే ఇవ్వండి. 2.4లో మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్, చుట్టుపక్కల రూటర్లు అన్నీ కిక్కిరిసి ఉంటాయి. అక్కడ ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోగల ఛానెళ్లు మూడే: 1, 6, 11. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటనివ్వకండి.

5లో వెడల్పు 80 పెట్టండి. చుట్టూ చాలా రూటర్లుంటే 40కి తగ్గించండి, స్పీడ్ తగ్గినా నిలకడ పెరుగుతుంది. ఛానెల్ ఆటో నుంచి తీసి 36 నుంచి 48 మధ్య ఒకటి పెట్టి చూడండి. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. రాడార్ సంకేతం అనిపించిందంటే రూటర్ వెంటనే ఆ ఛానెల్ ఖాళీ చేయాలన్నది నియమం. ఆట మధ్యలో వైఫై ఒక్కసారిగా పోయి, కాసేపటికి తిరిగి వస్తుంటే ఇది కారణం కావచ్చు. 160 వెడల్పు పెడితే 5 గిగాహెర్ట్జ్‌లో ఆ ఛానెళ్లు దాదాపు ఎప్పుడూ కలుస్తాయి కాబట్టి దాని జోలికి పోకపోవడం మంచిది.

ప్రతి కొద్ది సెకన్లకో, నిమిషానికో గడియారం కొట్టినట్టు పింగ్ ఎగురుతుంటే మీ మెషీన్ కొత్త నెట్‌వర్క్‌ల కోసం వెతుకుతోందేమో చూడండి. లొకేషన్ సర్వీస్, నెట్‌వర్క్ జాబితా తెరిచి ఉంచడం, ఆపిల్ కంప్యూటర్లలో ఎయిర్‌డ్రాప్ ఇలా చేయిస్తాయి. ఆడేటప్పుడు ఆపేసి మళ్లీ కొలవండి.

6. నాట్ సమస్య

వాయిస్ చాట్ వినబడకపోవడం, ఫ్రెండ్ లాబీలో చేరలేకపోవడం, మ్యాచ్ దొరకడానికి చాలాసేపు పట్టడం, ఇవి పింగ్ వల్ల వచ్చేవి కావు. ఇంట్లోని పరికరాలన్నీ ఒకే పబ్లిక్ అడ్రస్‌తో బయటికి వెళ్లేలా రూటర్ చేసే అడ్రస్ మార్పిడిని నాట్ అంటారు, తప్పు అక్కడ ఉండొచ్చు. కన్సోల్‌లో నాట్ టైప్ చూడండి. ఎక్స్‌బాక్స్‌లో స్ట్రిక్ట్ అని, ప్లేస్టేషన్‌లో టైప్ 3 అని ఉంటే ఈ మెట్టు చేయాలి. ఓపెన్ లేదా టైప్ 2 ఉంటే దాటేయండి.

రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే లైన్ వైపు రూటర్‌కి ఉన్న అడ్రస్, చూడండి. తర్వాత బ్రౌజర్‌లో మీ పబ్లిక్ ఐపీ ఎంతో చూడండి. రెండూ ఒకటే అయితే రూటర్‌లో యూపీఎన్‌పీ (గేమ్ అడిగిన పోర్టులను రూటర్ తనంతట తెరిచే సెట్టింగ్) ఆన్ చేసి, రూటర్‌నీ కన్సోల్‌నీ రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది. అలా సరికాకపోతే కన్సోల్‌కి రూటర్‌లో స్థిరమైన ఐపీ కేటాయించి, గేమ్ చెప్పిన పోర్టులు (ఇవి రూటర్ వెనకున్న సాకెట్లు కావు, సాఫ్ట్‌వేర్ నంబర్లు) దానికి ఫార్వర్డ్ చేయండి. ఎక్స్‌బాక్స్‌కి యూడీపీ 3074.

రెండూ వేరై, వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే మీ ఇంట్లోనే రెండు రూటర్లు ఒకదాని వెనక ఒకటి నాట్ చేస్తున్నాయి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (నాట్ చేయకుండా లైన్‌ని దాటించేలా) పెట్టించండి, లేదా మీ రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (వైఫై మాత్రం ఇచ్చేలా) మార్చండి. రెండోది చేస్తే ఎస్‌క్యూఎం పోతుంది కాబట్టి మొదటిదే మేలు. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కంపెనీ చాలామంది కస్టమర్లకు ఒకే పబ్లిక్ ఐపీ పంచుతోంది. మీ వైపు ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. పబ్లిక్ ఐపీ ఇస్తారేమో అడగండి. ఐపీవీ6 (కొత్త తరం అడ్రస్ పద్ధతి) ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి, దాన్ని సపోర్ట్ చేసే గేమ్‌లకు ఈ గొడవ ఉండదు.

కంప్యూటర్‌ని మాత్రం రూటర్‌లోని డీఎంజెడ్ సెట్టింగ్‌లో పెట్టకండి. ప్రతి తలుపూ బార్లా తెరిచిపెట్టడమే అది. ఈ పేజీలో ఉండగానే రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే పద్ధతి), బయటి నుంచి లాగిన్ అయ్యే వీలు రెండూ ఆపేయండి.

7. మళ్లీ కొలవండి

డీఎన్ఎస్ మారిస్తే పింగ్ తగ్గుతుందని చాలాచోట్ల చెబుతారు. డీఎన్ఎస్ పని పేరుకి అడ్రస్ వెతికిపెట్టడం వరకే. మ్యాచ్ మొదలయ్యాక దానికి పాత్ర లేదు. డబ్బు తీసుకునే పింగ్ బూస్టర్లు నిజానికి ప్యాకెట్లను వేరే దారిలో పంపుతాయి. మీ కంపెనీ దారి మరీ చుట్టుగా ఉంటే కొంత మేలు జరగొచ్చు. ఉచిత ట్రయల్‌లో కొలిచి, అంకెల్లో తేడా కనబడితేనే కట్టండి.

ఇక మొదటి మెట్టులో రాసిపెట్టుకున్న కాగితం తీయండి. అదే వేళకి, అదే పద్ధతిలో, వారం రోజులు కొలవండి. రూటర్ పింగ్ నిలకడగా ఉండి, ఎస్‌క్యూఎం పెట్టాక కూడా, వైరు మీద, ఇంట్లో ఎవరూ వాడనప్పుడు కూడా బయటి పింగ్ రోజూ అదే వేళకి పాడవుతుంటే తప్పు మీ ఇంటి బయట ఉంది. ఇప్పుడు కంపెనీకి ఫోన్ చేయండి.

నెట్ స్లోగా ఉందని చెబితే స్పీడ్ టెస్ట్ చేయించి పంపేస్తారు. అందుకని ట్రేస్‌రూట్ కూడా తీసి పెట్టుకోండి, దారిలో ఏ పరికరం దగ్గర ఎంత ఆలస్యమవుతోందో అది చూపిస్తుంది. విండోస్‌లో ఆ కమాండ్ ట్రేసర్ట్ (tracert). దారిలో మధ్యనున్న ఒక్క మెట్టు దగ్గర నక్షత్రాలు కనబడినా, అంకె పెద్దదిగా ఉన్నా కంగారుపడకండి. చాలా రూటర్లు పింగ్‌కి జవాబివ్వడాన్ని వెనక్కి నెడతాయి. ఆ మెట్టు నుంచి చివరిదాకా ప్రతి మెట్టులోనూ అంకె అలాగే పెద్దగా ఉంటేనే అక్కడ లోపం ఉన్నట్టు. అది మొదటి రెండు మూడు మెట్లలోనే మొదలవుతుంటే ఫోన్‌లో ఇలా చెప్పండి: "రూటర్ దాకా 1 మిల్లీసెకను, మీ మొదటి పరికరం దగ్గర రాత్రి 9 నుంచి 11 దాకా 90, ప్యాకెట్ లాస్ ఇంత శాతం, వారం రోజుల రికార్డు ఉంది, టెక్నికల్ టీమ్‌కి పంపండి." కంప్లైంట్ నంబరు తీసుకోండి. ఫైబర్ లైన్ అయితే ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి కలిసే పెట్టె) దగ్గర ఆప్టికల్ పవర్ ఎంత వస్తుందో కొలవమని ప్రత్యేకంగా అడగండి. వంగిన ఫైబర్, దుమ్ము పట్టిన కనెక్టర్ ఆ కొలతలోనే బయటపడతాయి.